దూడ దానంతట అదే బయటికి రాలేదు

(ఒక యువజన కూడికలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. బైబిళ్లు తెచ్చుకున్నవాళ్లు నిర్గమకాండము 31వ అధ్యాయం తీయండి. ఫోన్‌లో చదివేవాళ్లు ఫోన్‌లోనే తీయండి, ఫర్వాలేదు. ఈరోజు 31, 32 అధ్యాయాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువుదాం. మామూలుగా వీటిని విడివిడిగా చదువుతాం. 31 చదివిన రోజు దేవుని ఆరాధన కోసం కట్టిన ప్రత్యక్షపు గుడారం గురించి మాట్లాడుకుంటాం, 32 చదివిన రోజు విగ్రహారాధన గురించి మాట్లాడుకుంటాం. కానీ ఈ రెండూ దాదాపు ఒకే సమయంలో జరుగుతున్నాయి. ఒకటి కొండ మీద, ఒకటి కొండ కింద.

కొండ మీద ఏం జరుగుతోంది? దేవుడు మోషేతో బెసలేలు అనే ఒక మనిషి గురించి చెబుతున్నాడు. అతన్ని తన ఆత్మతో నింపానంటున్నాడు. దేనికి నింపాడు? ప్రవచనం చెప్పడానికా? యుద్ధం చేయడానికా? చూడండి, నాలుగు, ఐదు వచనాలు. బంగారంతో, వెండితో, ఇత్తడితో పనిచేయడానికి. రత్నాలు సానబట్టడానికి. చెక్క చెక్కడానికి. కొత్త రూపాలు కల్పించడానికి. దేవుని ఆత్మ ఒక మనిషిని నింపితే అతను మంచి పనివాడయ్యాడు! ఇక్కడ కూర్చున్న ఇంజనీర్లు, ఎలక్ట్రీషియన్లు, కోడ్ రాసేవాళ్లు, కుట్టుపని చేసేవాళ్లు ఈ రెండు వచనాల కింద గీత గీసుకోండి. చేతిపని, బుర్రపని దేవునికి దూరమైన పనులని మీకెవరైనా చెప్పి ఉంటే, వాళ్లు ఈ అధ్యాయం చదవలేదన్నమాట.

ఇప్పుడు కిందికి దిగుదాం. 32వ అధ్యాయం. మోషే ఇంకా రాలేదని జనం అహరోను చుట్టూ మూగారు. మాకు ముందు నడిచే దేవత కావాలన్నారు. అహరోను పోగులు తీసి ఇమ్మన్నాడు, ఇచ్చారు. ఆ బంగారం ఎక్కడిది? ఐగుప్తు విడిచి వచ్చే రాత్రి దేవుడు ఐగుప్తీయుల మనసులో దయ పుట్టించి వీళ్లకు ఇప్పించిన బంగారం. గుడారం కోసం మనసారా కానుక తెమ్మని 25వ అధ్యాయంలో ఆయన అడిగింది కూడా ఆ బంగారాన్నే. బంగారం ఒక్కటే. నిప్పు ఒక్కటే. పోతపోసే విద్య ఒక్కటే. కొండ మీద దాన్ని దేవుడు మెచ్చుకుంటున్నాడు, కొండ కింద దానితోనే దూడ తయారవుతోంది.

మోషే దిగి వచ్చాడు. ఈ జనం నీకేం చేశారు, ఇంత పాపం వీళ్ల మీదికి తెచ్చావు అని తన అన్న అహరోనును నిలదీశాడు. అహరోను ఏం జవాబిచ్చాడో 24వ వచనంలో చూడండి. వాళ్లు బంగారం ఇచ్చారు, నేను నిప్పులో వేశాను, ఈ దూడ అయింది! వచ్చేసిందట. దానంతట అదే వచ్చేసిందట. అదే అధ్యాయం నాలుగో వచనం ఏం చెబుతోంది? అతనే పోగర చేతపట్టుకుని రూపం ఏర్పరచి పోతపోశాడని చెబుతోంది. పోగర అంటే చెక్కే పనిముట్టు. ఒక్కసారి ఆ దృశ్యం ఊహించండి. చెవి ఎక్కడ ఉండాలి, కొమ్ము ఎంత వంపు తిరగాలి, ముట్టె ఎలా ఉండాలి అని దగ్గరగా వంగి చెక్కిన మనిషి, పని అయ్యాక రెండు చేతులూ దులుపుకుని, నిప్పు చేసింది, నేను కాదు అంటున్నాడు.

ఈరోజు నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే. మనిషి చేతిలో ఒక మంచి వస్తువు పాడైన ప్రతిసారీ మనిషి చెప్పే మాట ఇదే. నిప్పులో వేశాం, దూడ వచ్చింది. మార్కెట్ అలా కోరింది. సిస్టమ్ అలా ఉంది. అల్గారిథమ్ అలా చూపించింది. కాలం అలా మారింది. పోగర పట్టుకున్న చెయ్యి మాత్రం ఎవరికీ కనబడదు!

దేవుడు చేసినదంతా చాలా మంచిదిగా ఉందని ఆదికాండము మొదటి అధ్యాయం చివర చదువుతాం. పతనం తర్వాత ఆ మాటను దేవుడు వెనక్కి తీసుకోలేదు. దేవుడు సృష్టించిన ప్రతి వస్తువూ మంచిదేనని పౌలు తిమోతికి రాశాడు, మొదటి పత్రిక నాలుగో అధ్యాయంలో. ఎప్పుడు రాశాడు? పాపం లోకంలోకి వచ్చిన తర్వాతే కదా! ఇనుము మంచిదే. గాలి మంచిదే. అణువు మంచిదే. శబ్దం మంచిదే, రంగు మంచిదే, లెక్క మంచిదే. మరి చెడు ఎక్కడ నుంచి వస్తోంది? యేసు ప్రభువు మార్కు 7లో చాలా స్పష్టంగా చెప్పాడు. బయట నుంచి లోపలికి వెళ్లేది మనిషిని అపవిత్రం చేయదు. లోపల నుంచి, మనుషుల హృదయంలో నుంచి బయటికి వచ్చేదే చేస్తుంది. దొంగతనం, నరహత్య, లోభం, మోసం, అహంకారం. ఆ జాబితాలో ఒక్క వస్తువు పేరు కూడా లేదు, చూసుకోండి.

ఆదికాండము 4కి వెళదాం. మనం గబగబా చదివేసే వంశావళి అది. కయీను సంతతిలో లెమెకు అని ఒకడున్నాడు. అతని కొడుకు యాబాలు, గుడారాల్లో ఉండి పశువులను పెంచేవాళ్లకు మూలపురుషుడు. ఇంకొక కొడుకు యూబాలు, సితారా, సానిక వాయించేవాళ్లందరికీ మూలపురుషుడు. మూడోవాడు తూబల్కయీను, ఇత్తడి, ఇనుప పనిముట్లు చేసేవాడు. పశుపోషణ, సంగీతం, లోహపు పని, మూడూ ఒకే ఇంట్లో మొదలయ్యాయి. అదీ హంతకుడి వంశంలో! వాటిని లేఖనం తిట్టిందా? లేదు. ఒక్క మాట కూడా అనలేదు. తర్వాతి కాలంలో దావీదు వాయించిన సితారా ఆ వరుసలోదే. బెసలేలు చేతిలోని ఇత్తడి ఆ వరుసలోదే. కానీ కొడుకుల సంగతి ముగిసీ ముగియగానే తండ్రి నోటి నుంచి ఏం వినబడుతోంది? నన్ను గాయపరచినందుకు ఒక మనిషిని చంపాను, కయీను కోసం ఏడంతలు ప్రతీకారమైతే నా కోసం డెబ్బై ఏడంతలు అని భార్యల ముందు గొప్పగా చెప్పుకుంటున్నాడు. ఆ హత్య కొడుకు చేసిన ఇనుముతోనే చేశాడో లేదో వాక్యం చెప్పలేదు, నేనూ చెప్పను. కానీ కొలిమి పక్కనే ఆ మాటలు ఎందుకు పెట్టారో ఆలోచించండి. ఇనుము మెరుగుపడింది. లెమెకు మెరుగుపడలేదు.

మన సంఘాల్లో దీనికి రెండు రకాల జవాబులు వింటుంటాం. ఒకటి, టెక్నాలజీ అంతా సాతానుది, దూరంగా ఉండండి అంటారు. అది అహరోను జవాబే కదా! నేరం నిప్పు మీద వేయడమే. ఫోన్ పక్కన పెట్టినంత మాత్రాన లోభం తగ్గుతుందా? ఫోన్లు లేని రోజుల్లో వ్యభిచారం లేదా, పుకార్లు లేవా? రెండోది, వస్తువులో ఏమీ లేదండీ, అంతా వాడేవాడి చేతిలో ఉంది అంటారు. ఇది వినడానికి బాగుంటుంది, సగం నిజం కూడా. కానీ నన్నడిగితే ఇది మరీ ప్రమాదం. ఎందుకంటే పాపం వాడేటప్పుడే మొదలవదు, చేసేటప్పుడే మొదలవుతుంది. దూడను బాగా వాడటం అంటే ఏమిటి? దూడను మంచికి వాడుకుందాం అని ఇశ్రాయేలీయులు అనుకుంటే సరిపోయేదా? ఆ రూపంలోనే కోరిక పోతపోసి ఉంది. చేసినవాడి కోరిక, చేయించుకున్నవాళ్ల కోరిక రెండూ అందులో గడ్డకట్టి ఉన్నాయి.

మీ చేతిలోని ఫోన్ తెర చూడండి. పైకి జరుపుతూ పోతే చివర అనేది రాదు. పుస్తకానికి చివరి పేజీ ఉంటుంది, అక్కడ మనిషి ఆగి ఊపిరి తీసుకుంటాడు, ఇక చాలు అనుకుంటాడు. ఇక్కడ ఆ చివర లేకుండా చేశారు. కొత్త సందేశం వచ్చిందని చూపించే ఎరుపు చుక్క ఎందుకు ఎరుపే? కన్ను అటే పోవాలి కాబట్టి. ఇవేవీ నిప్పులో నుంచి వాటంతటవే బయటికి రాలేదు. మనిషికున్న ఒంటరితనం, పొగడ్త కోసం ఆకలి ఎక్కడ ఉన్నాయో వెతికి, సరిగ్గా అక్కడ పోగరతో చెక్కారు. దూరాన ఉన్న తల్లి ముఖం చూపించే తెర కూడా అదే. మంచిదే, చాలా మంచిదే. ఆ మంచితనాన్నే ఎరగా చేసుకుంటుంది పాపం. పాపానికి సొంతంగా సృష్టించే శక్తి లేదు. దేవుడు చేసినదాన్ని వంచడం ఒక్కటే దానికి చేతనవును.

ఇప్పుడు ఒక మనిషి గురించి కాస్త వివరంగా చెబుతాను. పేరు ఫ్రిట్జ్ హేబర్. జర్మన్ రసాయన శాస్త్రవేత్త. యూదు కుటుంబంలో పుట్టాడు, యువకుడిగా ఉన్నప్పుడు బాప్తిస్మం తీసుకున్నాడు. మనం పీల్చే గాలిలో 78 శాతం నత్రజని. పంట ఎదగాలంటే నత్రజని కావాలి, కానీ గాలిలో ఉన్నదాన్ని మొక్కలు నేరుగా తీసుకోలేవు. కంటి ముందు సముద్రం ఉండి తాగడానికి చుక్క నీరు లేనట్టు. 1909లో హేబర్ ఆ చిక్కుముడి విప్పాడు. గాలిలోని నత్రజనిని హైడ్రోజన్‌తో కలిపి అమోనియా చేసి చూపించాడు. కార్ల్ బాష్ అనే ఇంజనీరు దాన్ని ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చాడు, 1913లో ఒప్పావు అనే చోట ఉత్పత్తి మొదలైంది. అమోనియా నుంచి ఎరువు, ఎరువు నుంచి పంట. ఇప్పుడు భూమి మీద ఉన్న మనుషుల్లో దాదాపు సగం మంది తిండికి ఆ పద్ధతే ఆధారమని అంచనా. ఈ గదిలో ఉన్న మన శరీరాల్లో కూడా ఆ అమోనియా నత్రజని ఉంది. ఇది చిన్న మేలు కాదండీ. మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము అని మనం చేసే ప్రార్థనకు దేవుడు ఇచ్చిన జవాబుల్లో దీన్ని కూడా లెక్కపెడతాను నేను. మీరూ లెక్కపెట్టండి.

ఫ్యాక్టరీ మొదలైన మరుసటి ఏడాదే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. అమోనియా నుంచి నైట్రిక్ ఆమ్లం చేయవచ్చు, దానితో పేలుడు పదార్థాలు చేయవచ్చు. జర్మనీకి ఓడల్లో వచ్చే నైట్రేట్ శత్రువుల వల్ల ఆగిపోయింది, ఆ లోటు ఈ పద్ధతి తీర్చింది. రొట్టె కోసం పుట్టిన విద్య తుపాకీ మందుకు పనికొచ్చింది. హేబర్ అక్కడితో ఆగలేదు. క్లోరిన్ వాయువును ఆయుధంగా వాడదామన్నాడు. క్లోరిన్ అంటే ఏమిటి? మనం తినే ఉప్పులో సగం అదే. తాగే నీళ్లలో రోగాలు చంపడానికి వాడేది కూడా అదే. 1908లో అమెరికాలోని జెర్సీ సిటీలో ఊరందరి నీళ్లలో దాన్ని కలపడం మొదలుపెట్టారు, ఆ తర్వాత దేశదేశాల్లో టైఫాయిడ్ తగ్గడానికి ఆ పద్ధతి చాలా సాయం చేసింది. బిడ్డల ప్రాణాలు కాపాడిన క్లోరిన్ అది.

1915 ఏప్రిల్ 22. బెల్జియంలోని ఈప్ర్ దగ్గర వేల సిలిండర్లలో 150 టన్నులకు పైగా క్లోరిన్ పాతిపెట్టుకుని జర్మన్ సైనికులు ఎదురుచూస్తున్నారు. దేని కోసం? గాలి కోసం. గాలి తమ వైపు నుంచి అవతలి కందకాల వైపు వీచాలి. రోజుల తరబడి ఎదురుచూశారు. దగ్గరుండి చూసుకున్నది హేబరే. సాయంత్రం గాలి తిరిగింది. మూతలు తిప్పారు. పచ్చని పసుపు మేఘం నేలను అంటుకుని నడిచి వెళ్లింది. దేవుడు గాలులను తన దూతలుగా చేసుకుంటాడని 104వ కీర్తన పాడుతుంది. ఆ సాయంత్రం మనిషి ఆ గాలినే హంతకుడి పనికి పెట్టుకున్నాడు. మేఘం వెళ్లిన వైపు ఉన్నవాళ్లు ఊపిరి తీసుకుంటూనే మునిగిపోయారు. ఊపిరితిత్తులు నీరుపట్టి చనిపోయారు. ఆ యుద్ధంలో చాలామంది జర్మన్ సైనికుల బెల్టు బిళ్ల మీద ఏమని రాసి ఉండేదో తెలుసా? దేవుడు మనతో ఉన్నాడు అని.

హేబర్ భార్య క్లారా ఇమ్మర్‌వార్. ఆమె కూడా రసాయన శాస్త్రంలో డాక్టరేట్ చేసిన మనిషి. ఈప్ర్ దాడి జరిగిన కొద్ది రోజులకే, మే మొదట్లో, భర్త పిస్తోలుతో తనను తాను కాల్చుకుంది. కారణాల గురించి నేను ఊహాగానాలు చేయను. ఆ వెంటనే హేబర్ తూర్పు రంగానికి వెళ్లిపోయాడు, అక్కడి వాయు దాడుల పని చూడటానికి. అమోనియా తయారుచేసే పద్ధతి కనుగొన్నందుకు 1918 సంవత్సరపు నోబెల్ బహుమతి అతనికే ఇచ్చారు. 1933లో హిట్లర్ వచ్చాక, యూదు పుట్టుక పుట్టినందుకు దేశం వదలాల్సి వచ్చింది. 1934 జనవరిలో పరాయి దేశంలో చనిపోయాడు. అతను నడిపిన పరిశోధనశాల చుట్టూ పురుగులను చంపే మందు మీద పని జరిగింది, ధాన్యానికీ గోదాములకూ పనికొచ్చే మందు. దాని నుంచి తయారైన సైక్లాన్ బి అనే విషంతో ఆష్విట్జ్ వంటి మరణ శిబిరాల్లో అతని సొంత జాతివాళ్లను లక్షల్లో చంపారు. ఇదంతా ఎవరు చేశారు? చదువు లేనివాళ్లా? ఆ రోజుల్లో ప్రపంచంలోనే మంచి విశ్వవిద్యాలయాలున్న దేశం అది. చదువు పెరిగితే మనిషి బాగుపడతాడని నమ్మేవాళ్లు ఈ కథను రెండుసార్లు చదవాలి. చదువు వల్ల చేతికి బలం వస్తుంది. ఆ చెయ్యి ఎటు చాచాలో చదువు నేర్పదు.

ఇక్కడ మనం వేలు బయటికి మాత్రమే చూపిస్తే అది న్యాయం కాదు. మన ఇంట్లోకి, సంఘంలోకి చూద్దాం. గూటెన్‌బర్గ్ అచ్చు యంత్రం గురించి మనం గర్వంగా చెప్పుకుంటాం. 1455 ప్రాంతంలో బైబిలు అచ్చయింది, వాక్యం జనం చేతికి వచ్చింది అని. నిజమే, దేవునికి స్తోత్రం. కానీ జర్మనీలోని మైన్జ్ నగరంలో ఆ తొలి రోజుల్లోనే, 1454, 1455ల్లోనే, ఇంకొకటి కూడా అచ్చయింది. పాపపరిహార పత్రాలు. డబ్బు కడితే శిక్ష తగ్గుతుందనే పత్రాలు. పేరు, తేదీ రాసుకోవడానికి ఖాళీలు వదిలి మిగతాదంతా ముందే అచ్చుకొట్టారు. అమ్మినవాళ్లు ఎవరు? సంఘమే.

ఇంకా ఘోరమైనది చెబుతాను. 1807లో లండన్‌లో ఒక బైబిలు అచ్చువేశారు. కరీబియన్ దీవుల తోటల్లో బానిసలుగా ఉన్న ఆఫ్రికా మనుషుల కోసమని ప్రత్యేకంగా వేశారు. పాత నిబంధనలో చాలా భాగం, కొత్త నిబంధనలో దాదాపు సగం తీసేశారు. ఏం తీసేశారో వినండి. ఐగుప్తు నుంచి ఇశ్రాయేలీయులు విడుదల పొందిన కథ తీసేశారు. నా ప్రజలను పోనిమ్ము అని దేవుడు ఫరోతో అన్నది లేదు. దాసుడని లేదు, స్వతంత్రుడని లేదు, క్రీస్తులో మీరందరూ ఒక్కటే అని పౌలు గలతీయులకు రాసిన మాట లేదు. యోసేపును బానిసగా అమ్మిన కథ మాత్రం ఉంచారు. దాసులారా, యజమానులకు లోబడండి అన్నది ఉంచారు. అచ్చు యంత్రం మంచిది. కాగితం మంచిది. వాక్యమైతే జీవవాక్యం. దాన్ని కూడా కత్తిరించి సంకెలగా చేయగలిగింది మనిషి హృదయం. మనం నిర్గమకాండము చదువుతున్నాం కదా ఈరోజు? ఆ మనుషుల చేతికి ఇచ్చిన బైబిల్లో ఈ పేజీలు లేవు. ఇక చెడిపోకుండా ఉండే వస్తువు ఏదైనా ఉంటుందా, చెప్పండి?

దేవుడే చేయమన్న వస్తువు కూడా చెడిపోయింది. సంఖ్యాకాండము 21లో ఇత్తడి సర్పం ఉంది కదా. పాములు కరిచినవాళ్లు దాన్ని చూసి బతికారు. దేవుని ఆజ్ఞ ప్రకారం చేసింది, ప్రాణాలు కాపాడింది. వందల ఏళ్ల తర్వాత, రెండవ రాజులు 18లో, జనం దానికి ధూపం వేస్తున్నారు. హిజ్కియా రాజు ఏం చేశాడు? దాన్ని ముక్కలు ముక్కలుగా కొట్టించాడు. మోషే చేసింది కదా, చరిత్ర కదా, ఎక్కడో దాచి పెడదాం అనలేదు. కొన్నిసార్లు మంచి వస్తువును కూడా పగలగొట్టాల్సి వస్తుంది. ఎప్పుడు? దాని ముందు మోకరించడం మొదలైనప్పుడు. మీ జీవితంలో అది ఏదో నేను చెప్పలేను. మీకు తెలుసు.

సృష్టి సంగతి చెప్పకుండా వదలకూడదు. హోషేయ 4 తీయండి. మొదటి రెండు వచనాల్లో పాపాలు: అబద్ధ సాక్ష్యం, హత్య, దొంగతనం, వ్యభిచారం. మూడో వచనం "కాబట్టి" అని మొదలవుతుంది. కాబట్టి దేశం ప్రలాపిస్తోంది, అడవి జంతువులు, ఆకాశపక్షులు క్షీణిస్తున్నాయి, సముద్ర మత్స్యాలు కూడా గతించిపోతున్నాయి. అబద్ధం ఆడింది మనిషి, చచ్చింది చేప! ఇదేదో కవి అతిశయోక్తి అనుకుంటున్నారా? ఇందాక చెప్పిన అమోనియా ఎరువు సంగతే తీసుకోండి. పంటకు కావలసినదానికంటే ఎక్కువ చల్లితే మిగిలింది వానకు కొట్టుకుపోతుంది, నదుల్లోకి, అక్కడ నుంచి సముద్రంలోకి. అమెరికాలో మిసిసిపి నది మెక్సికో సింధుశాఖలో కలిసే చోట అలా చేరిన నత్రజనికి నాచు విపరీతంగా పెరుగుతుంది. అది చచ్చి కుళ్లేటప్పుడు నీళ్లలోని ప్రాణవాయువు అంతా లాగేస్తుంది. చేపలు పారిపోతాయి, పారిపోలేని జీవులు చస్తాయి. ప్రతి వేసవిలో ఇది జరుగుతుంది. కొన్ని ఏళ్లలో 15 వేల చదరపు కిలోమీటర్లు దాటుతుంది ఆ చచ్చిన నీరు. రోమా 8లో సృష్టి మూలుగుతోందని పౌలు అన్నాడు. ఆ మూలుగు ఇదే.

ఎవరో అడుగుతారు, అన్నా, తెలియక చేసింది కూడా పాపమేనా అని. మంచి ప్రశ్న. దీన్ని తేల్చుకోకపోతే అందరి మీదా రాళ్లు విసురుతాం. మనిషి జ్ఞానం కొంచెమే, అది పాపం కాదు, మనం దేవుళ్లం కాము కాబట్టి అలా ఉంది. ఫ్రిజ్‌లలో వాడిన సీఎఫ్‌సీ వాయువులను 1920ల చివర కనుగొన్నారు. అంతకుముందు వాడిన వాయువులు విషం, ఇవి మనిషికి హాని చేయవని సంతోషించారు. పైన ఓజోను పొరను తింటాయని అప్పుడు ఎవరికీ తెలియదు. 1970లలో తెలిసింది. 1987లో మాంట్రియల్‌లో దేశాలు కూర్చుని ఒప్పందం చేసుకుని వాటిని ఆపాయి. ఓజోను పొర మెల్లగా కోలుకుంటోంది. ఇందులో దేవుని కృప చూస్తాను నేను. ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లందరూ విశ్వాసులు కారు, అయినా దేవుడు మనుషుల్లో ఇంకా కొంత మనస్సాక్షి మిగిల్చాడు.

కానీ ఆ సీఎఫ్‌సీలు కనుగొన్న శాస్త్రవేత్త థామస్ మిడ్జ్‌లీయే అంతకుముందు, 1921లో, పెట్రోలులో సీసం కలిపితే ఇంజను కొట్టుకోకుండా నడుస్తుందని కనిపెట్టాడు. సీసం విషమని అప్పుడు తెలియదా? వేల ఏళ్ల నుంచి తెలుసు. దాన్ని తయారుచేసే ప్లాంట్లలో 1924 నాటికే కార్మికులు మతి చెడి చనిపోయారు. మిడ్జ్‌లీకే ఒంట్లో సీసం చేరి, కొంతకాలం పని మానేసి విశ్రాంతి తీసుకున్నాడు. అయినా ఆ ఏడాది అక్టోబరులో విలేకరుల ముందు ఆ ద్రవంతో చేతులు కడుక్కుని, వాసన పీల్చి, చూశారా, ఏమీ కాదు అన్నాడు. అమ్మేటప్పుడు పేరులో సీసం అన్న మాటే లేకుండా చూసుకున్నారు. కార్ల కోసం సీసం పెట్రోలు అమ్మకం ప్రపంచమంతటా ఆగేసరికి 2021 అయింది. దాదాపు 100 ఏళ్లు! ఆ పొగ ఎక్కువగా దెబ్బతీసింది ఎవరిని? చిన్నపిల్లల మెదడును. ఓజోను విషయంలో తెలియక చేశారు, తెలిశాక ఆపారు. సీసం విషయంలో తెలిసి చేశారు, తెలిసి దాచారు. మేలైనది చేయ నెరిగియు అలా చేయనివాడికి పాపం కలుగుతుందని యాకోబు 4:17. తేడా అక్కడుంది.

మరి దీనికి విడుదల ఎక్కడ? మంచి పరికరంలోనా? హృదయానికి రోగమైతే చేతికి కట్టు కడితే సరిపోదు. రోమీయులు సిలువను దేని కోసం తయారుచేసుకున్నారు? మనిషి వెంటనే చావకుండా, మెల్లగా, అందరూ చూస్తుండగా చావడానికి. చెక్క, మేకులు. ప్రభువు ఎన్నేళ్లు చెక్కతో, మేకులతో పనిచేశాడు! వడ్రంగి చేతులవి. ఆ చేతులకే మేకులు దిగాయి. మనిషి ఇంతకంటే దిగజారి దేన్నీ వాడలేడు అన్న చోటికి దేవుడు తానే వచ్చి, మన నేరం నిప్పు మీద వేయకుండా, ఇంకెవరి మీదా వేయకుండా, తన మీద వేసుకున్నాడు. అందుకే మనం అహరోనులా మాట్లాడాల్సిన పని లేదు. అవును ప్రభూ, పోగర నా చేతిలోనే ఉంది అని చెప్పవచ్చు. చెప్పినవాణ్ణి ఆయన తోసివేయడు. ఆ అహరోనునే తర్వాత యాజకుడిగా నిలబెట్టాడు కదా!

చివరగా ఒక చిన్న ఆజ్ఞ. ద్వితీయోపదేశకాండము 22:8. కొత్త ఇల్లు కట్టించుకునేటప్పుడు పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టించాలి, ఎవరైనా పడి చస్తే ఆ హత్యదోషం నీ ఇంటి మీదికి రాకుండా. ఈ వచనం మీద ప్రసంగం ఎప్పుడైనా విన్నారా? నాకు చాలా ఇష్టమైన వచనం. ఇల్లు కట్టొద్దు అనలేదు దేవుడు. మిద్దె ఎక్కొద్దు అనలేదు. పడినవాడిదే తప్పు, చూసుకోవద్దా అనీ అనలేదు. కట్టినవాడినే అడిగాడు. ఇంకా ఎవరూ పడలేదు, అయినా ముందే అడిగాడు. నిర్గమకాండము 21లో గొయ్యి తవ్వి మూయకుండా వదిలినవాడి సంగతి కూడా ఉంది, అందులో పక్కవాడి ఎద్దు పడితే నష్టం తవ్వినవాడే ఇవ్వాలి.

కాబట్టి మీలో యాప్ చేసేవాళ్లుంటే, అందులో పసిపిల్లాడు ఎక్కడ పడిపోగలడో మీ టీమ్‌లో మీరే మొదట అడగండి. మందులు అమ్మేవాళ్లుంటే, దుష్ప్రభావాలు రాసిన కాగితం చదివి చెప్పండి. ఏఐతో ఎవరి ముఖం, ఎవరి గొంతు అయినా కల్పించగల రోజులివి. మనిషి దేవుని పోలికలో చేయబడ్డాడు, వాడి ముఖంతో అబద్ధం ఆడించే పని మీ చేతికి వస్తే, జీతం పోయినా సరే, చేయనని చెప్పండి. సంఘం అలాంటివాళ్ల పక్కన నిలబడాలి, పెద్దలారా, ఇది మీకు చెబుతున్నాను. ఉద్యోగం పోగొట్టుకుని వచ్చిన తమ్ముడికి ప్రార్థన చేసి పంపేయడం కాదు, మూడు నెలల ఇంటి అద్దె గురించి కూడా మాట్లాడాలి. ఇళ్లలో తల్లిదండ్రులు పిల్లల ఫోన్ లాక్కునే ముందు, భోజనం దగ్గర మీ ఫోన్ ఎక్కడ ఉందో చూసుకోండి. ఈ వారం మీ పనిలో పిట్టగోడ లేని చోటు ఒక్కటి వెతికి, దాన్ని కాగితం మీద రాసి, వచ్చే కూడికకు తీసుకురండి. కలిసి కూర్చుని మాట్లాడుకుందాం. ఇప్పుడు ప్రార్థన చేసుకుని, ఆ తర్వాత మీ ప్రశ్నలు తీసుకుంటాను.